నాణెం ఎవరిది? అరిస్టాటిల్ మాటను మధ్యయుగాలు చదువుకున్న తీరు

మధ్యయుగాల ఐరోపాలో చర్చి వడ్డీని నిషేధించడానికి అరిస్టాటిలే కారణమని చాలాచోట్ల చదివాననీ, అది ఎంతవరకు నిజమో, డబ్బు విషయంలో గ్రీకుల రాజనీతి తత్వం ఆనాటి పండితులకు ఇంకేమైనా ఇచ్చిందో చెప్పమనీ మీరు అడిగారు. వడ్డీ నిషేధం అరిస్టాటిల్ నుంచి వచ్చినది కాదు. ఆయన పుస్తకాలు లాటిన్‌లోకి రావడానికి కొన్ని వందల ఏళ్ల ముందే అది ఉంది. ఆయన ఇచ్చింది ఆ నిషేధానికి ఒక హేతువు మాత్రమే. అంతకన్నా లోతైన ప్రభావం మరోచోట ఉందని, ఈ గ్రంథాలను చాలాకాలంగా చదువుతూ, విద్యార్థుల చేత చదివిస్తూ వచ్చిన నా అభిప్రాయం. నాణెం ఎవరిది, దాన్ని మార్చే హక్కు ఎవరికుంది అన్న ప్రశ్నను మధ్యయుగాల వాళ్లు రాజు ముందు నిలబడి అడగడానికి కావలసిన మాటలు వాళ్లకు అరిస్టాటిల్ దగ్గరే దొరికాయి.

ముందు వడ్డీ సంగతి చూద్దాం. పేదవాడికి అప్పిచ్చి వడ్డీ కట్టించుకోవద్దని నిర్గమకాండం చెబుతుంది. తిరిగి ఏమీ ఆశించకుండా అప్పివ్వమని లూకా సువార్త ఆరో అధ్యాయం చెబుతుంది. 325లో నైసియాలో జరిగిన మహాసభ మతగురువులు వడ్డీ తీసుకోకూడదని శాసించింది. 1139లో రోమ్‌లో జరిగిన చర్చి మహాసభ, రెండో లాటెరన్ సభ, వడ్డీ వ్యాపారాన్ని గట్టిగా ఖండించింది. 1179 నాటి మూడో లాటెరన్ సభ బహిరంగంగా వడ్డీ వ్యాపారం చేసేవారికి క్రైస్తవ పద్ధతిలో ఖననం కూడా జరగకూడదంది. ఈ రెండు సభలకు నడుమ, 1140 ప్రాంతంలో, బొలోన్యాలో గ్రేషియన్ కూర్చిన చర్చి న్యాయ సంకలనం అసలుకు మించి ఏది అడిగినా అది వడ్డీయేనన్న సూత్రాన్ని స్థిరపరిచింది. ఇవన్నీ లేఖనాల మీదా, చర్చి పితరుల మాటల మీదా నిలబడిన శాసనాలు. వీటిలో దేనికీ గ్రీకు తత్వవేత్త సాక్ష్యం అవసరం కాలేదు.

అరిస్టాటిల్ డబ్బు గురించి ముఖ్యంగా రెండు గ్రంథాల్లో రాశాడు, కానీ ఆ రెండింటిలోనూ ఆయన దృష్టి ఒకటి కాదు. ‘రాజనీతి’ మొదటి భాగంలో ఆయన ఇంటి అవసరాలకు తగినంత సంపాదించుకునే గృహనిర్వహణను ఒకవైపు, హద్దు లేకుండా డబ్బును పోగుచేసే ధనార్జనను మరోవైపు నిలబెడతాడు. మొదటిది ప్రకృతికి అనుగుణమైనది, ఎందుకంటే మంచి జీవితానికి కావలసిన వస్తువులకు ఒక పరిమితి ఉంది. రెండోదానికి అలాంటి గట్టు లేదు. ముట్టుకున్నదల్లా బంగారమై ఆకలితో అలమటించిన మైడాస్ రాజు కథను ఆయన ఇక్కడే గుర్తుచేస్తాడు. వడ్డీని అన్నిటికన్నా ఎక్కువగా అసహ్యించుకోదగినదిగా చెప్పడమూ ఇక్కడే. వడ్డీకి గ్రీకులో ‘టోకోస్’ అని పేరు, దానికి సంతానమనే అర్థం కూడా ఉంది. పిల్లలు కన్నవాళ్లను పోలినట్టు డబ్బుకు పుట్టిన డబ్బు కాబట్టి ఆ పేరు వచ్చిందని, మారకం కోసం పుట్టిన వస్తువును పిల్లల్ని కనేలా చేయడం అన్ని సంపాదనల్లోకీ ప్రకృతి విరుద్ధమైనదని ఆయన వాదం. మన ‘వడ్డీ’ కూడా ‘వృద్ధి’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిన మాటే. అసలు పెరుగుతుందన్న ఊహ మన భాషలో ఏ చిరాకూ లేకుండా ఒదిగిపోయింది, గ్రీకు తత్వవేత్తకు మాత్రం అదే అసహజంగా తోచింది.

‘నికోమాకియన్ నీతిశాస్త్రం’ ఐదో భాగంలో స్వరం మారుతుంది. అక్కడ ఆయన మాట్లాడుతున్నది న్యాయం గురించి. ఇల్లు కట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు ఒకరి సరుకు ఒకరికి ఇచ్చుకోకపోతే నగరం నిలవదు, కానీ ఇల్లూ చెప్పులూ ఒక కొలతకు అందే వస్తువులు కావు. వాటిని నిజంగా కలిపి ఉంచేది మనుషుల అక్కర. ఆ అక్కరకు ప్రతినిధిగా మనుషులు ఒప్పందం మీద పెట్టుకున్నది నాణెం. ఇల్లు ఐదు మినాలు (మినా గ్రీకుల డబ్బు కొలత), మంచం ఒక మినా అయితే ఐదు మంచాలు ఒక ఇంటికి సమానమని ఆయన లెక్క చూపిస్తాడు. ఈ రోజు నాకు ఏ వస్తువూ అక్కర్లేకపోయినా రేపు కావలసి వచ్చినప్పుడు దొరుకుతుందన్న హామీ కూడా నాణేనిదేనంటాడు. అంటే ఇక్కడ డబ్బు దురాశకు పనిముట్టు కాదు, నగరజీవితాన్ని సాధ్యం చేసే కొలబద్ద.

ఇదే చోట ఆయన ఒక మాట అన్నాడు. నాణేన్ని గ్రీకులో ‘నోమిస్మా’ అంటారు, అది ‘నోమోస్’ వల్ల, అంటే చట్టం వల్ల ఉన్నదే తప్ప ప్రకృతి వల్ల ఉన్నది కాదు, అందుకే దాన్ని మార్చడమూ పనికిరానిదిగా చేయడమూ మన చేతిలో ఉంది అని. తెలుగువాడికి నాణెం అనగానే పక్కనే నాణ్యం అన్న మాట, అంటే లోహం మంచితనం వినబడుతుంది. గ్రీకువాడికి అదే చోట చట్టం వినబడింది. నా దృష్టిలో మధ్యయుగాల నాణేల చర్చ అంతా ఆ వాక్యం చివర ఉన్న ‘మన చేతిలో’ అన్న మాట చుట్టూ తిరుగుతుంది. మన చేతిలో అంటే ఎవరి చేతిలో?

ఈ ప్రశ్న బరువు తెలియాలంటే అంతకుముందు లాటిన్ లోకం ఏమనుకునేదో చూడాలి. ఏడో శతాబ్దంలో సెవిల్ బిషప్ ఇసిడోర్ రాసిన పదవ్యుత్పత్తుల గ్రంథమే వందల ఏళ్లపాటు పాఠశాలలకు ఆధారం. అందులో ‘నోమిస్మా’ అన్న మాట చట్టం నుంచి రాలేదు. నాణెం మీద రాజుల పేర్లూ బొమ్మలూ ముద్రిస్తారు కాబట్టి, పేరు అనే అర్థమున్న ‘నోమెన్’ నుంచి వచ్చిందని ఇసిడోర్ వివరించాడు. వ్యుత్పత్తిగా ఇది తప్పు, కానీ ఆ తప్పు వెనక ఒక రాజకీయం ఉంది. పేరు ఎవరిదైతే నాణెం వారిదే అనుకోవడానికి అది దారి తీస్తుంది. అదే ఇసిడోర్ ‘మోనేటా’ అన్న లాటిన్ మాటను మాత్రం హెచ్చరించడం అనే క్రియకు ముడిపెట్టి, లోహంలోనూ తూకంలోనూ మోసం జరగకుండా హెచ్చరించేది కాబట్టి ఆ పేరు వచ్చిందన్నాడు. ఈ రెండో వివరణకు తరవాత పెద్ద పని పడింది.

గ్రీకు గ్రంథాలు లాటిన్‌కు చేరిన దారి కూడా కథలో భాగమే. అరబ్బీ లోకం ‘నీతిశాస్త్రా’న్ని ముందే చదువుకుంది. 1030లో మరణించిన పర్షియా తత్వవేత్త మిస్కవైహ్ డబ్బును న్యాయానికి ఒక రూపంగా చెప్పాడు. 1111లో మరణించిన ఇస్లాం మతపండితుడు గజాలీ దీనార్లనూ దిర్హమ్‌లనూ అద్దంతో పోల్చాడు. అద్దానికి తనకంటూ రంగు లేకపోయినా అన్ని రంగులనూ చూపిస్తుంది. డబ్బును దాచిపెట్టినవాడు ప్రజలకు తీర్పు చెప్పే న్యాయాధికారిని చెరలో పెట్టినవాడితో సమానమన్నాడు. ‘రాజనీతి’ మాత్రం అరబ్బీలోకి రాలేదు. ఆ పుస్తకం తమకు చేరలేదని చెప్పి స్పెయిన్‌లోని ముస్లిం తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ దాని బదులు ప్లేటో ‘రిపబ్లిక్’కు వ్యాఖ్య రాశాడు. లాటిన్ పశ్చిమంలో జరిగింది దాదాపు దీనికి తలకిందులు. ప్లేటో ‘రిపబ్లిక్’ వాళ్లకు 1402 ప్రాంతం దాకా అందలేదు కాబట్టి, నాణెం మారకానికి గుర్తు అన్న ఆయన మాటకు ఈ కథలో చోటు లేదు. ‘నీతిశాస్త్రం’ పూర్తిగా లాటిన్‌లోకి వచ్చింది 1246-47 ప్రాంతంలో, లింకన్ బిషప్ రాబర్ట్ గ్రోసెటెస్ట్ చేతుల మీదుగా. ‘రాజనీతి’ని 1260 ప్రాంతంలో ఫ్లాండర్స్‌కు చెందిన డొమినికన్ సన్యాసి విలియం ఆఫ్ మోర్‌బెకే అనువదించాడు. ఫ్లారెన్స్ నగరం తన బంగారు ఫ్లోరిన్‌ను 1252లో ముద్రించింది, ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ పెద్ద వెండి నాణేన్ని 1266లో తెచ్చాడు. డబ్బు ఊరూరా పారడం మొదలైన ఆ రోజుల్లోనే డబ్బు గురించి ఆలోచించే పుస్తకాలూ చేతికి వచ్చాయి.

మోర్‌బెకే అనువాదం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఒక్క మాట ఎంపిక ఒక తరం ఆలోచనను ఎలా మళ్లించగలదో ఇక్కడ కనిపిస్తుంది. ‘రాజనీతి’లో అరిస్టాటిల్ తప్పుపట్టింది ‘కాపేలికే’ని, అంటే సరుకు కొని లాభానికి అమ్మే అంగడి వ్యాపారాన్ని. నాణెం పుట్టిన తరవాత ధనార్జనలో ఈ రెండో రకం పుట్టిందన్న వాక్యంలో మోర్‌బెకే దానికి ‘కాంప్సోరియా’ అన్న మాట వాడాడు. ఆ లాటిన్ మాటకు నాణేల మార్పిడి అని అర్థం. దాంతో ఏథెన్స్ అంగట్లో సరుకు అమ్మేవాడి మీద పడవలసిన నింద లాటిన్ పాఠకుడికి సంత కూడలిలో బల్ల వేసుకుని ఒక ఊరి నాణేనికి మరో ఊరి నాణెం ఇచ్చే సరాఫు మీద పడింది. మామూలు వర్తకుడికి ఇది కొంత ఊపిరి పోసింది. పదమూడో శతాబ్దపు మతతత్వవేత్త థామస్ అక్వైనాస్, ప్రశ్నల వారీగా రాసిన తన ‘సుమ్మా’ గ్రంథంలో వర్తకాన్ని పూర్తిగా కొట్టివేయకుండా, కుటుంబ పోషణకో ఊరి అవసరాలకో శ్రమకు తగిన ఫలంగానో మితంగా లాభం తీసుకుంటే అది తప్పు కాదని చెప్పగలిగాడు. ఆయన చూపిన ఆ ఉదారత అంతా అనువాదం పుణ్యమేనని నేను అనను, కానీ మూలంలోని కాఠిన్యం ఆయనకు నేరుగా తగలలేదన్నది మాత్రం నిజం.

వడ్డీ మీద అక్వైనాస్ వాదన ‘సుమ్మా’ రెండో భాగపు రెండో విభాగంలో, 78వ ప్రశ్నలో ఉంది. కొన్ని వస్తువులను వాడటమంటే వాటిని ఖర్చు చేసేయడమే. ద్రాక్షసారాయి, గోధుమలు అలాంటివి. వాటిలో వాడుకకు ఒక వెల, వస్తువుకు మరో వెల అని విడదీసి రెండూ అడగడం లేనిదాన్ని అమ్మడమే. ఇల్లు అలా కాదు, వాడుకున్నా ఇల్లు మిగులుతుంది కాబట్టి అద్దె న్యాయమే. ఇక డబ్బు ముఖ్యంగా మారకం కోసం పుట్టిందని అరిస్టాటిల్ చెప్పాడు, మారకంలో డబ్బు చేయి దాటిపోతుంది, కాబట్టి అది సారాయి పక్కన చేరుతుందే కాని ఇంటి పక్కన కాదు. చూడండి, ఇక్కడ సంతానం పోలిక అక్వైనాస్ వాదానికి ఇరుసు కాదు. ఇరుసు అద్దెకూ అప్పుకూ మధ్య రోమన్ న్యాయం చేసిన భేదం, దాన్ని డబ్బుకు తగిలించే కొక్కెం మాత్రం అరిస్టాటిల్‌ది. డబ్బు డబ్బును కనదన్న నానుడిని బడుల్లో వల్లించారు, నిజమే, కానీ ఆ నానుడి ఒక్కటే మధ్యయుగాల ఆలోచన అనుకుంటే ఈ నిశితమైన భాగం కనబడకుండా పోతుంది. అప్పిచ్చినందువల్ల తనకు కలిగిన నష్టానికి పరిహారం అడగవచ్చని, నష్టభయాన్ని తానూ మోస్తూ వర్తకుడితో భాగస్వామిగా పెట్టిన డబ్బుకు లాభంలో వాటా తీసుకోవచ్చని అదే ప్రశ్నలో అక్వైనాస్ ఒప్పుకున్నాడు. ప్రకృతి విరుద్ధమన్న భావన పండితుల గదులు దాటి కవిత్వానికీ పాకింది. ఇటలీ కవి డాంటే తన కావ్యంలో వర్ణించిన నరకంలో వడ్డీ వ్యాపారులు నిప్పుల వాన కింద కూర్చుని మెడకు వేలాడే సంచులను చూసుకుంటూ ఉంటారు. వాళ్ల పాపమేమిటో వివరించేటప్పుడు ఆ కావ్యంలో దారి చూపే రోమన్ కవి వర్జిల్ పాత్ర డాంటేకు గుర్తుచేసేది బైబిల్‌లోని ఆదికాండంతో పాటు అరిస్టాటిల్ ‘భౌతికశాస్త్రా’న్ని. మనిషి పనితనం ప్రకృతిని అనుసరించాలి, వడ్డీ వ్యాపారి ఆ రెండింటినీ కాదన్నవాడు.

అందరూ ఈ దారిలోనే నడవలేదు. ఫ్రాన్సిస్కన్ సన్యాసి పీటర్ జాన్ ఒలివీ అరిస్టాటిల్‌ను ప్రమాణంగా కొలవడాన్నే వ్యతిరేకించినవాడు. 1290ల్లో నార్బాన్‌లో ఒప్పందాల మీద రాసిన గ్రంథంలో ఆయన, వ్యాపారంలో పెట్టాలని నిశ్చయంగా పక్కనపెట్టిన సొమ్ములో వట్టి డబ్బు గుణమే కాక లాభానికి విత్తనం వంటి శక్తి కూడా ఉంటుందన్నాడు. వడ్డీని ఆయనా ఖండించాడు, కానీ గొడ్డు డబ్బుకూ విత్తనపు డబ్బుకూ తేడా చూపించాడు. పదిహేనో శతాబ్దంలో సియెనాకు చెందిన బెర్నార్డినో తన ఉపదేశాల్లో ఆ భావాన్నే ఒలివీ పేరు చెప్పకుండా వాడుకున్నాడు. అరిస్టాటిల్‌ను తక్కువగా నమ్మినవాడు డబ్బు గురించి ఎక్కువ కొత్తమాట చెప్పాడన్నది నాకు ఎప్పుడూ ఆలోచింపజేసే విషయం.

ఇప్పుడు ఆ ‘మన చేతిలో’ దగ్గరికి తిరిగి వద్దాం. ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ 1295 నుంచి యుద్ధ ఖర్చుల కోసం నాణేల్లో వెండిని తగ్గిస్తూ వచ్చాడు. 1306లో మళ్లీ పాత మంచి నాణెం చెల్లుతుందని ప్రకటించినప్పుడు, అద్దెలు ఆ మంచి నాణేల్లో కట్టాలన్నందుకు కట్టవలసిన మొత్తం దాదాపు మూడింతలై పారిస్‌లో జనం తిరగబడ్డారు. నాణేన్ని చెడగొట్టి సేన్ నది తీరాన దుఃఖం తెచ్చినవాడని డాంటే ఆయనను తన కావ్యంలోని స్వర్గకాండలో నిందించాడు. తరవాతి రాజులకూ ఇదే అలవాటైంది, ఇంగ్లండ్‌తో యుద్ధం మొదలయ్యాక మరీ ఎక్కువైంది. రాజుకు ఇది పన్ను వేయకుండా వచ్చే పన్ను. పాత నాణేలను తీసుకుని, తక్కువ వెండితో ఎక్కువ నాణేలు కొట్టి, మిగిలిన వెండిని టంకశాలలో ఉంచుకుంటే చాలు. పన్నుకు సభల సమ్మతి కావాలి, దీనికి అక్కర్లేదు. నాణెం చట్టం వల్ల ఉన్నదే అయితే, చట్టం రాజుది అయితే, నాణెమూ రాజుదేనని ఆయన పక్షాన వాదించడం తేలిక. అరిస్టాటిల్ వాక్యం అటు కూడా తిరుగుతుంది.

దాన్ని ఇటు, అంటే ప్రజల వైపు, తిప్పినవాడు పారిస్‌లో చదువుకున్న ఫ్రెంచి పండితుడు నికోలస్ ఒరేం. 1355-58 మధ్య రాసిన నాణేల గ్రంథాన్ని ఆయన మొదలుపెట్టిన తీరు మీ ప్రశ్నకు నేరుగా జవాబిస్తుంది. రాజు తన సొంత అధికారంతో నాణేలను ఇష్టం వచ్చినట్టు మార్చుకుని లాభం తీసుకోవచ్చని కొందరంటున్నారు, మరికొందరు కాదంటున్నారు, అందుకని ముఖ్యంగా అరిస్టాటిల్ తత్వాన్ని అనుసరించి నాకు తోచినది రాస్తాను అంటాడు. మొదటి అధ్యాయంలోనే మైడాస్ కథ వస్తుంది. తరవాత అసలు వాదన. నాణెం వస్తువుల మారకం కోసం పుట్టింది. ఆ మారకం జరిపేది ప్రజలు. తన రొట్టెనో తన శరీరశ్రమనో ఇచ్చి నాణెం తీసుకున్నవాడికి ఆ నాణెం రొట్టె అంత సొంతం. ముద్ర వేసే పనిని సమాజం రాజుకు అప్పగించింది నమ్మకం కోసమే, యాజమాన్యం ఇవ్వడానికి కాదు. మరి సీజర్ బొమ్మ ఉన్న నాణేన్ని సీజర్‌కే ఇమ్మని క్రీస్తు అన్నాడు కదా? బొమ్మ ఉంది కాబట్టి కాదు, అది కట్టవలసిన పన్ను కాబట్టి అలా అన్నాడని ఒరేం సమాధానం. ఇసిడోర్ చెప్పిన ‘పేరు’ ఇక్కడ ఓడిపోయింది. కానీ హెచ్చరించేది కాబట్టి ‘మోనేటా’ అన్న వివరణను ఒరేం గట్టిగా పట్టుకున్నాడు. మోసం లేదని చెప్పవలసిన ముద్రే మోసానికి ముసుగైతే, తన బొమ్మ ఉన్న నాణెం తూకాన్ని తగ్గించిన రాజును ఎవరు నమ్ముతారని అడిగాడు.

డబ్బు నుంచి డబ్బు సంపాదించే మార్గాలు మూడింటిని ఆయన ఒక వరుసలో పెట్టాడు. సరాఫు పని తక్కువది, వడ్డీ చెడ్డది, నాణేల మార్పు అంతకన్నా చెడ్డది. వడ్డీ వ్యాపారి కనీసం ఇష్టపడి అడిగినవాడికే అప్పిస్తాడు, ఆ అప్పుతో తీసుకున్నవాడి అవసరం కొంతైనా తీరుతుంది. రాజు మాత్రం ప్రజలు వద్దంటున్నా వాళ్ల మంచి నాణెం తీసుకుని చెడ్డ నాణెం అంటగడతాడు. అప్పటికి వెయ్యేళ్లకు పైగా వడ్డీ మీదే కేంద్రీకరించిన నైతిక కోపాన్ని ఒరేం ఈ ఒక్క పోలికతో సింహాసనం వైపు తిప్పాడు. ఆ తిప్పడానికి ‘రాజనీతి’ ఐదో భాగంలోని భేదం తోడైంది. ప్రజల మేలు చూసేవాడు రాజు, తన మేలు చూసుకునేవాడు నిరంకుశుడు. నాణేల మార్పుతో లాభపడేవాడు ఈ కొలత ప్రకారం రెండోవాడు అవుతున్నాడు. అత్యవసరమైతే నాణేన్ని మార్చవచ్చు, కానీ ఆ నిర్ణయం సమాజానిది. అరిస్టాటిల్ అన్న ‘మన చేతిలో’కు ఒరేం ఇచ్చిన అర్థం అది, ఏథెన్స్‌లో దానికి ఉండగల అర్థానికి కూడా అదే దగ్గరిదని నేను నమ్ముతాను.

చర్చి న్యాయంలోనూ ఇలాంటి ధోరణి ముందే ఉందని చెప్పాలి. 1199లో మూడో ఇన్నోసెంట్ పోపు ఆరగాన్ రాజుకు రాసిన లేఖ, ప్రజల సమ్మతి లేకుండా చెడ్డ నాణేన్ని నిలబెడతానని చేసిన ప్రమాణం చెల్లదంది. 1300 ప్రాంతంలో ఇటలీలోని లుక్కాకు చెందిన డొమినికన్ రచయిత టాలమీ, రాజులు నాణేల మార్పులో మితంగా ఉండాలని, నాణెం వస్తువులకు కొలత కాబట్టి దాన్ని కదిలిస్తే ప్రజలకు నష్టమని రాశాడు. ఆ కొలత అన్న మాట ‘నీతిశాస్త్రం’ నుంచి వచ్చినదే. పారిస్‌లో ఒరేం కన్నా పెద్దవాడైన తత్వవేత్త జాన్ బురిడాన్ ఆ కొలతకు ఆధారం ఏ ఒక్కడి అక్కరో కాదు, సమాజమంతటి అక్కర అని వివరించాడు. వస్తువు విలువ సంతలో నలుగురి అక్కర వల్ల తేలుతుందంటే, దాన్ని కొలిచే నాణెం నలుగురిదీ అన్న తీర్మానానికి ఒక్క అడుగే దూరం.

1356లో పొయిటియర్స్ యుద్ధంలో ఫ్రాన్స్ రాజు జాన్ ఇంగ్లిషు సైన్యానికి చిక్కాడు. 1360లో ఆయన విడుదలకు 30 లక్షల ఎక్యూలు (ఫ్రెంచి బంగారు నాణేలు) ఇవ్వడానికి ఒప్పందమైంది. ఆ డిసెంబరు 5న ఫ్రాన్స్ ‘ఫ్రాంక్’ అనే కొత్త బంగారు నాణేన్ని ప్రకటించి స్థిరమైన నాణేలకు తిరిగి వచ్చింది. ఇందుకు ఒరేం పుస్తకమే కారణమని కొందరు రాస్తారు, నేను అంత దూరం వెళ్లను. స్థిరమైన అద్దెల మీద బతికే ప్రభువులకు నాణెం పలచబడినకొద్దీ రాబడి కరిగిపోయేది, సంస్కరణకు ఒత్తిడి పెట్టినవాళ్లలో వాళ్లు ముందున్నారు. పుస్తకం ఆ ఒత్తిడికి న్యాయం అనే పేరు ఇచ్చింది. జాన్ కొడుకు ఐదో చార్లెస్ రాజయ్యాక ‘నీతిశాస్త్రా’న్నీ ‘రాజనీతి’నీ లాటిన్ నుంచి ఫ్రెంచిలోకి తెమ్మని 1370 ప్రాంతంలో ఒరేంనే అడిగాడు. నాణెం రాజుది కాదని రాసినవాడి చేత, ఆ మాటకు మూలమైన పుస్తకాలను తనకు అర్థమయ్యే భాషలో రాజే రాయించుకున్నాడు.